ఐర్లాండ్ ఆర్మర్డ్ కార్లు: త్రీ నాట్ త్రీ నుంచి 30 మిల్లీమీటర్ల దాకా

ఐర్లాండ్ సైన్యం ఈ వందేళ్లలో వాడిన ఆర్మర్డ్ కార్ల జాబితా చూస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. రోల్స్ రాయిస్, పీర్‌లెస్, లాన్సియా, లేలాండ్, లాండ్స్‌వెర్క్, డాడ్జ్, ఫోర్డ్ మార్క్ ఫైవ్, ఫోర్డ్ మార్క్ సిక్స్, బీవరెట్, పనార్, టిమోనీ, పిరానా. చిన్న దేశం, చిన్న సైన్యం, ట్యాంకులంటారా, ఎప్పుడూ వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. మరి ఇన్ని రకాల బండ్లు ఎందుకు? ఒకే దేశం ఇంగ్లండ్ బండి, స్వీడన్ బండి, సొంత వర్క్‌షాపులో కొట్టుకున్న బండి, ఫ్రాన్సు బండి, స్విట్జర్లాండ్ బండి వరసగా ఎందుకు మార్చింది?

బండి పేర్లు పట్టుకుని వెళితే ఈ చిక్కు విడదు. దాని మీద బిగించిన తుపాకిని పట్టుకుంటే విడుతుంది. ఎందుకంటే ఐర్లాండ్ ఆర్మర్డ్ కార్ల మీద వచ్చినవి నాలుగే నాలుగు తరాల తుపాకులు, తుపాకి మారిన ప్రతిసారీ ఆ దేశం ఎవరితో తలపడాల్సి వస్తుందో అనే అంచనా మారినప్పుడు మారింది. కొన్నిసార్లు ఆ అంచనా ఆలస్యంగా మారింది, దానికి మూల్యం లోపల కూర్చున్న కుర్రాళ్లు చెల్లించారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమనిపించేది అదే.

ముందు ఒక చిన్న స్పష్టత. ఆర్మర్డ్ కారు అంటే చక్రాల మీద నడిచే, ఉక్కు పలకలు కప్పిన, తుపాకి బిగించిన వాహనం. ట్యాంకుకు ఇనుప పట్టాలు ఉంటాయి, బరువెక్కువ, పొలాల్లో గోతుల్లో పోతుంది. ఆర్మర్డ్ కారు రోడ్డు మీద వేగంగా పోతుంది, ఖర్చు తక్కువ, గస్తీకి, ముందు వెళ్లి పరిస్థితి చూసి రావడానికి, కాన్వాయ్‌కి కాపలాగా పోవడానికి సరిపోతుంది. సైనికులను లోపల కూర్చోబెట్టుకుని మోసుకెళ్లేది మరో రకం, దాన్ని పర్సనల్ క్యారియర్ అంటారు. ఇవాళ ఐర్లాండ్ వాడే పిరానా ఈ రెండో రకంగా పుట్టి మొదటి రకం పని కూడా చేస్తోంది, అందుకే జాబితాల్లో అన్నీ కలగలిసిపోతుంటాయి.

ఇక 1922. బ్రిటన్‌తో ఒప్పందం కుదిరి ఐరిష్ ఫ్రీ స్టేట్ ఏర్పడుతోంది. ఒప్పందాన్ని ఒప్పుకున్నవాళ్లకూ ఒప్పుకోనివాళ్లకూ మధ్య జూన్ నెలాఖరులో అంతర్యుద్ధం మొదలైంది. నిన్నటిదాకా బ్రిటిష్ వాళ్ల మీద పొదల చాటు నుంచి కాల్చినవాళ్లే ఇప్పుడు రెండు పక్షాలు. కొత్త ప్రభుత్వానికి సైన్యం కావాలి, ఆయుధాలు కావాలి, అవి ఇవ్వగలిగింది వెళ్లిపోతున్న బ్రిటిష్ సైన్యమే. అలా వచ్చినవాటిలో 13 రోల్స్ రాయిస్ ఆర్మర్డ్ కార్లున్నాయి. సిల్వర్ ఘోస్ట్ అనే ఖరీదైన కారు చాసిస్ మీదే కట్టినవి, ఏడు లీటర్లు దాటిన ఆరు సిలిండర్ల ఇంజిన్, నాలుగు టన్నుల పైచిలుకు బరువు, అయినా రోడ్డు మీద గంటకు 70 కిలోమీటర్ల దాకా పోగలవు. మహారాజులు వేటకు వెళ్లడానికి కొనుక్కున్న చాసిస్సే అది. బ్రిటిష్ ఇండియా కోసం ఇలాంటి కార్లనే గోపురం లాంటి టరెట్‌తో, అంటే తుపాకి బిగించిన, చుట్టూ తిరిగే ఉక్కు గదితో, ప్రత్యేకంగా కట్టించి ఇక్కడా నడిపారు.

ఐర్లాండ్‌కు వచ్చిన ఈ 13 కార్లలోనూ టరెట్‌లో ఉన్నది ఒకే ఒక్క ఆయుధం, .303 విక్కర్స్ మెషిన్ గన్. త్రీ నాట్ త్రీ అంటే మనకు కొత్తగా చెప్పక్కర్లేదు, మన పోలీస్ స్టేషన్లలో దశాబ్దాల తరబడి సెంట్రీ భుజాన వేలాడిన రైఫిల్‌లో పడే తూటాయే అది. రైఫిల్‌లో ఒక్కొక్కటిగా పేలేది, విక్కర్స్‌లో నిమిషానికి 450 నుంచి 500 దాకా పేలుతుంది. బ్యారెల్ చుట్టూ నీళ్ల తొట్టి ఉంటుంది కాబట్టి వేడెక్కి ఆగిపోదు, నీళ్లు మరిగి ఆవిరవుతూ ఉంటే మళ్లీ నింపుకుంటూ గంటల తరబడి కాల్చవచ్చు. రాళ్ల గోడ చాటున రైఫిల్ పట్టుకుని ఉన్న పది పదిహేను మందిని తల ఎత్తకుండా చెయ్యడానికి అంతకు మించింది అప్పట్లో లేదు. ఎదుటివాళ్ల దగ్గర ఈ ఉక్కును చీల్చగల ఆయుధం దాదాపుగా లేదు కూడా. కాబట్టి 1922లో ఐర్లాండ్‌కు అది సరైన తుపాకి.

అయితే ఈ తుపాకికి ఒక షరతుంది. తూటాలు గుడ్డ బెల్టులో వరసగా గుచ్చి ఉంటాయి, ఒక్కో బెల్టుకు 250. ప్రతి తూటా పక్కదానితో సమంగా, ఒకే లోతులో కూర్చోవాలి. ఒక్కటి కొంచెం బయటికి జరిగి ఉన్నా, బెల్టు తడిసి బిగుసుకున్నా, పక్కనుండే మనిషి దాన్ని వంకరగా అందించినా తుపాకి పట్టేస్తుంది. మైదానంలో అయితే దాన్ని బాగుచేసుకోవడానికి చోటుంటుంది. రోల్స్ రాయిస్ టరెట్‌లో ఇద్దరు నిలబడితే మోచేతులు తగులుతుంటాయి, బయట గుళ్లు పలకకు కొట్టుకుంటుంటాయి, ఆ మోతలో, ఆవిరిలో కవరు తెరిచి ఇరుక్కున్న తూటాను లాగాలి.

1922 ఆగస్టు 22 సాయంత్రం కార్క్ కౌంటీలోని బేల్ న బ్లా దగ్గర జరిగింది సరిగ్గా ఇదే. ప్రభుత్వ సైన్యాధిపతి మైకేల్ కాలిన్స్ కాన్వాయ్‌లో ముందు ఒక మోటార్ సైకిల్, వెనక సైనికులున్న క్రాస్‌లీ లారీ, ఆ వెనక కాలిన్స్, ఆయన సేనాధికారి ఎమ్మెట్ డాల్టన్ కూర్చున్న పైకప్పు తీసిన కారు, చివర స్లీవ్‌నమన్ అనే పేరున్న రోల్స్ రాయిస్ ఆర్మర్డ్ కారు. కొండ పక్క నుంచి కాల్పులు మొదలయ్యాయి. డాల్టన్ తర్వాత చెప్పినదాన్ని బట్టి ఆయన ఆగకుండా పోనిమ్మన్నారు, కాలిన్స్ ఆపించి దిగి పోరాడదామన్నారు. ఆర్మర్డ్ కారు రోడ్డు మీద ముందుకూ వెనక్కూ కదులుతూ విక్కర్స్‌తో కాలుస్తూ ఉన్నంతసేపు కొండ మీదివాళ్లు తల ఎత్తలేకపోయారు. తర్వాత విక్కర్స్ మొరాయించింది. కాల్పులు ఆగిపోయే వేళకు కాలిన్స్ తలకు తూటా తగిలి పడిపోయి ఉన్నారు. ఆ పోరులో ప్రాణం పోయింది ఆయన ఒక్కరిదే.

ఆ తుపాకి ఎందుకు ఆగింది అన్నదాని మీద వందేళ్లుగా వాదన నడుస్తూనే ఉంది. ఎక్కువమంది చెప్పే వివరణ సాదాసీదాది: ఆ రోజు బెల్టు సరిగా నింపలేదు, అందించే మనిషికి అనుభవం చాలలేదు. అనుమానానికి ఆజ్యం పోసింది మరో విషయం. తుపాకి మీద ఉన్న జాక్ మెక్‌పీక్ అనే స్కాట్లాండ్ మనిషి అదే ఏడాది డిసెంబరులో ఈ కారుతో సహా ఎదుటి పక్షంలోకి వెళ్లిపోయాడు. వాళ్లు దాన్ని ఒక దాడిలో వాడి, తర్వాత కార్క్ కొండల్లో దాచారు, ప్రభుత్వ సైన్యం వెతికి పట్టుకుంది. మెక్‌పీక్ తర్వాత దొరికి జైలుకు వెళ్లాడు. కుట్ర అనేవాళ్లు ఈ రెండింటినీ కలుపుతారు. నాకు అది నిలబడే వాదన అనిపించదు. గుడ్డ బెల్టు విక్కర్స్ మొరాయించడం ఆ రోజుల్లో అంత మామూలు సంగతి, పైగా నాలుగు నెలల తర్వాత చేసిన పనిని బట్టి ఆ సాయంత్రం మనసులో ఏముందో నిర్ణయించలేం. అసలు ప్రశ్న వేరే ఉంది. కాన్వాయ్ మొత్తానికి ఒక్క ఆర్మర్డ్ కారు, దానికి ఒక్క తుపాకి, అది ఆగితే రెండోది లేదు. తర్వాతి కాలంలో ఐర్లాండ్ కొన్న లాండ్స్‌వెర్క్, పనార్ కార్ల టరెట్లలో ఒకటికి మించి తుపాకులు ఉండేవి. స్లీవ్‌నమన్ మాత్రం బతికిపోయింది. మిగతావి 1950ల్లో అమ్మేశారు, దీన్ని ఉంచుకుని, కర్రా సైనిక శిబిరంలో కొత్తగా బాగుచేశారు, ఇప్పటికీ సొంత ఇంజిన్‌తో నడుస్తుంది.

అదే అంతర్యుద్ధంలో ఇంకో రోల్స్ రాయిస్ కథ కూడా చెప్పుకోవాలి. ఒప్పందాన్ని ఎదిరించినవాళ్లు డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ భవనాన్ని పట్టుకుని కూర్చున్నప్పుడు వాళ్ల చేతిలో ఒక ఆర్మర్డ్ కారు ఉండేది, దానికి "మ్యూటినీర్" అని, అంటే తిరుగుబాటుదారు అని పేరు పెట్టుకున్నారు. భవనం పడిపోయాక ప్రభుత్వ సైన్యం దాన్ని స్వాధీనం చేసుకుని "ఎక్స్ మ్యూటినీర్" అని రాసుకుని అదే యుద్ధంలోకి మళ్లీ దింపింది. మిగతా కార్లకు కూడా "బిగ్ ఫెల్లా", "డానీ బాయ్" లాంటి పేర్లుండేవి. బిగ్ ఫెల్లా అంటే కాలిన్స్‌నే.

పీర్‌లెస్, లాన్సియాలను త్వరగా దాటేయవచ్చు. పీర్‌లెస్‌కు గట్టి రబ్బరు చక్రాలు, రెండు టరెట్లు, రెండు హాచ్‌కిస్ మెషిన్ గన్లు, నడక నెమ్మది, పట్టణాల్లో తప్ప పనికొచ్చేది కాదు. లాన్సియా అసలు పైకప్పు లేని ఉక్కు లారీ, పైనుంచి బాంబులు విసిరితే లోపల పడేవి కాబట్టి వల కప్పుకుని తిరిగేవాళ్లు. వాటిలో కొన్నిటికి రైలు చక్రాలు బిగించి పట్టాల మీద గస్తీకి పంపారు, ఎదుటివాళ్లు రైలు వంతెనలు పేల్చేస్తున్నారు కాబట్టి. 1922 సెప్టెంబరులో ఆర్మర్డ్ కార్ కోర్ అనే విభాగం ఏర్పడింది, 1934లో దానికే కావల్రీ కోర్ అని పేరు మార్చారు.

యుద్ధం 1923లో ముగిసింది. తర్వాత పదేళ్లు డబ్బు లేదు, కొత్త బండ్లు లేవు. 1930ల నడుమకు వచ్చేసరికి ఐర్లాండ్ ఎదురుగా ఉన్న ప్రశ్న పూర్తిగా మారిపోయింది. రైఫిల్ పట్టుకున్న సొంత ఊరివాడు కాదు, యూరప్‌లో మళ్లీ యుద్ధం వస్తే నౌకలోనో విమానంలోనో దిగే విదేశీ సైన్యం. ఆ సైన్యం దగ్గర సొంత ఆర్మర్డ్ కార్లుంటాయి. విక్కర్స్ తూటా వాటి పలకకు తగిలి జారిపోతుంది. అంటే ఇప్పుడు కావాల్సింది ఉక్కును చీల్చే ఆయుధం. అలా రెండో తుపాకి వచ్చింది, డెన్మార్క్‌లో తయారైన 20 మిల్లీమీటర్ల మాడ్సెన్.

ఇక్కడ అంకెలు కొంచెం వివరంగా చూడాలి. .303 తూటా వ్యాసం 7.7 మిల్లీమీటర్లు. 20 మిల్లీమీటర్లంటే వ్యాసం రెండున్నర రెట్లే కదా అనిపిస్తుంది, కానీ బరువు వ్యాసంతో పాటు పెరగదు, పొడవూ వెడల్పూ మందమూ మూడూ పెరుగుతాయి కాబట్టి గుండు బరువు పది రెట్లు దాటిపోతుంది. లోపల పేలుడు పదార్థం పెట్టడానికి చోటు కూడా దొరుకుతుంది. ఆ రోజుల్లో తేలికపాటి ట్యాంకులకు, ఆర్మర్డ్ కార్లకు ఉండే పలక 10 నుంచి 15 మిల్లీమీటర్ల మందం, దాన్ని ఈ గుండు దగ్గర్నుంచి చీల్చగలదు. కాబట్టి 1938లో ఇది తెలివైన ఎంపిక.

దాన్ని మోసుకొచ్చింది స్వీడన్‌లోని లాండ్స్‌క్రోనా పట్టణంలో తయారైన లాండ్స్‌వెర్క్ ఎల్ 180. ఆరు చక్రాలు, ఐదుగురు సిబ్బంది, టరెట్‌లో 20 మిల్లీమీటర్ల మాడ్సెన్, దానికి జతగా ఒక మాడ్సెన్ మెషిన్ గన్, ముందు భాగంలో ఇంకొకటి. ఈ బండిలో నాకు బాగా నచ్చేది వెనక కూర్చునే రెండో డ్రైవరు. శత్రువును చూసి రావడానికి వెళ్లిన బండి ఇరుకు రోడ్డు మీద తిప్పుకునే టైమ్ ఉండదు, అందుకని వెనక కూడా స్టీరింగ్ పెట్టారు, వచ్చినంత వేగంగా వెనక్కి పోవచ్చు. స్వీడన్ ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో ట్యాంకుల తయారీ నిషేధం కాబట్టి ఒక జర్మన్ సంస్థ పెట్టుబడి, జర్మన్ ఇంజనీర్ల నైపుణ్యం లాండ్స్‌వెర్క్‌కు చేరాయి, సరుకు ఆ రోజులకు చాలా ఆధునికమైనది. రెండు, బ్రిటన్ తన సైన్యానికే ఆయుధాలు చాలక కొట్టుకుంటోంది, పక్కింటి పాత పాలకుడి మీదే పూర్తిగా ఆధారపడటం డబ్లిన్‌కు ఇష్టమూ లేదు. మొత్తం ఎనిమిది వచ్చాయి, ఇంకొన్ని ఆర్డరు ఇచ్చినా యుద్ధం మొదలై రాలేదు. ఇలాంటి టరెట్లనే నాలుగు లేలాండ్ చాసిస్‌ల మీద బిగించుకుని అదనంగా నాలుగు కార్లు చేసుకున్నారు.

యుద్ధం మొదలయ్యాక ఐర్లాండ్ తటస్థంగా ఉండిపోయింది. ఆ ఆరేళ్లను వాళ్లు ఇప్పటికీ యుద్ధం అనరు, "ది ఎమర్జెన్సీ" అంటారు. బయటి నుంచి బండ్లు వచ్చే దారి దాదాపు మూసుకుపోయింది. దండెత్తితే జర్మనీ కావచ్చు, దాన్ని ఆపడానికని బ్రిటన్ కూడా కావచ్చు, ఎవరినైనా ఆపాలి, ఆపడానికి చేతిలో ఉన్నవి డజను మంచి కార్లు. దాంతో ఫోర్డ్ లారీ చాసిస్ తీసుకుని, కుదించి, కార్లో పట్టణంలోని థాంప్సన్స్ వర్క్‌షాపులో ఉక్కు పలకలు వెల్డింగ్ చేసి సొంతంగా కట్టుకోవడం మొదలుపెట్టారు. ఫోర్డ్ మార్క్ ఫైవ్, మార్క్ సిక్స్ అంటే ఇవే. చిన్న బండి, పైన చేత్తో తిప్పే టరెట్, లోపల మళ్లీ అదే .303 విక్కర్స్. తుపాకి విషయంలో ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లినట్టే, కానీ గోదాముల్లో ఉన్నవి అవే కాబట్టి ఇంకో దారి లేదు. యుద్ధకాలపు అత్యవసరానికి చేసిన బండిగా దాన్ని తప్పుపట్టలేను. తప్పు ఆ బండి చెయ్యలేదు, యుద్ధం అయిపోయి పదిహేనేళ్లు దాటాక కూడా అదే బండిని అదే తుపాకితో వేరే ఖండానికి పంపినవాళ్లు చేశారు.

1960లో కాంగోకు స్వాతంత్ర్యం వచ్చింది, వెంటనే గనులున్న కటాంగా రాష్ట్రం విడిపోతానంది, ఐక్యరాజ్యసమితి శాంతిసేనను దింపింది. ఐర్లాండ్ వెళ్లింది, భారత్ వెళ్లింది, స్వీడన్ వెళ్లింది. 1961లో కటాంగాలో ఐరిష్ బెటాలియన్ చేతిలో ఉన్న కవచ వాహనాలు కార్లోలో చేసిన ఫోర్డ్ మార్క్ సిక్స్‌లే. ఎదురుగా ఉన్న కటాంగా దళాలకు యూరప్ నుంచి వచ్చిన కిరాయి సైనికులు నాయకులు, పాత బెల్జియం సైన్యం నుంచి మిగిలిన గ్రేహౌండ్ ఆర్మర్డ్ కార్లు, వాటి మీద 37 మిల్లీమీటర్ల ఫిరంగులు, పైన ఫూగా మాజిస్టర్ అనే జెట్ విమానం. ఫోర్డ్ కారు పలక 37 మిల్లీమీటర్ల గుండు ముందు ఆగదు, దాని విక్కర్స్ గ్రేహౌండ్‌ను ఏమీ చెయ్యలేదు. ఈ రెండు వాక్యాల్లోనే మొత్తం ఇబ్బంది ఉంది.

సెప్టెంబరు 13న పోరు మొదలయ్యేసరికి జాడోవిల్ అనే గని పట్టణంలో కమాండెంట్ పాట్ క్విన్లాన్ నాయకత్వంలో సుమారు 155 మంది ఐరిష్ సైనికులు ఒంటరిగా చిక్కుకున్నారు. వాళ్ల దగ్గర రెండు ఫోర్డ్ కార్లున్నాయి. చుట్టుముట్టినవాళ్లు కొన్ని వేలమంది. క్విన్లాన్ ముందుచూపుతో కందకాలు తవ్వించి ఉండటం, మనుషులు గుంపులుగా వచ్చి పడుతున్నప్పుడు విక్కర్స్‌లకు నిజంగా పని దొరకడం వల్ల ఆ కంపెనీ ఐదు రోజులు నిలబడింది, ఒక్కరు కూడా చనిపోలేదు. నీళ్లు, తూటాలు అయిపోయాక 17న లొంగిపోయారు. ఇక్కడ పాత తుపాకి తన పని తాను చేసింది, దాన్ని కాదనకూడదు. కానీ వాళ్లను విడిపించడానికి బయల్దేరిన దళం లుఫీరా వంతెన దగ్గర ఆగిపోయింది, రెండోసారి ప్రయత్నించినా దాటలేకపోయింది. ఆ రెండో ప్రయత్నంలో ఐరిష్ సైనికుల పక్కన మన గూర్ఖాలు కూడా ఉన్నారు. వంతెనకు అవతల గట్టిగా పాతుకున్నవాళ్లను లేపడానికి దూరం నుంచి బలంగా కొట్టే ఫిరంగి కావాలి. అది ఆ కాన్వాయ్‌లో లేదు. మెషిన్ గన్ మాత్రమే ఉన్న కారు అలాంటి చోట తనను తాను కాపాడుకోగలదు, దారి తెరవలేదు.

అదే రోజుల్లో ఎలిజబెత్‌విల్ నగరంలో రేడియో కాలేజీ దగ్గర ఒక ఐరిష్ ఆర్మర్డ్ కారు గస్తీ మాటుదాడిలో పడింది. ట్యాంకులను కొట్టే ఆయుధంతో కారును కొట్టారు, ఇద్దరు చనిపోయారు, వాళ్లలో ఒక కుర్రాడి శవం ఇప్పటికీ దొరకలేదు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు కోపమే వస్తుంది. శాంతిసేన అంటే తేలిక పని, తేలిక ఆయుధాలు చాలు అనే ఆలోచన ఎంత ఖరీదైనదో అక్కడ తేలిపోయింది.

డిసెంబరు 5న అదే నగరంలో కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా 16 మంది గూర్ఖాలతో ఒక రోడ్డు అడ్డంకి మీదికి వెళ్లారు. ఎదురుగా సుమారు 90 మంది, రెండు ఆర్మర్డ్ కార్లు. ఆ కార్లకు సమాధానంగా ఆయన బృందం దగ్గర రాకెట్ లాంచర్ ఉంది, మిగతాది బాయినెట్లు, కుక్రీలు. ఆ పోరులో ఆయన ప్రాణాలు కోల్పోయారు, పరమవీర చక్ర వచ్చింది. డిసెంబరు మధ్యలో ఐరిష్ బెటాలియన్ నగరంలో రైల్వే టన్నెల్‌ను పోరాడి స్వాధీనం చేసుకుంది. కాంగోలో నాలుగేళ్లలో 26 మంది ఐరిష్ సైనికులు చనిపోయారు, మనవాళ్లలోనూ అంతకంటే తక్కువమంది పోలేదు. జాడోవిల్‌లో లొంగిపోయినవాళ్లను స్వదేశంలో చాలా ఏళ్లు చిన్నచూపు చూశారు, 2016లో గానీ యూనిట్ మొత్తానికి అధికారిక గౌరవం దక్కలేదు.

మూడో తుపాకి కాంగో పాఠం నుంచి వచ్చింది. 1964లో సైప్రస్‌కు శాంతిసేన పంపాల్సి వచ్చినప్పుడు ఐర్లాండ్ ఫ్రాన్సు నుంచి పనార్ ఏఎంఎల్ కార్లు కొంది. ఐదున్నర టన్నుల చిన్న బండి, నాలుగు చక్రాలు, ముగ్గురు మనుషులు, మామూలు కారు కంటే పెద్ద పొడవేమీ ఉండదు. మొదట వచ్చిన రకం మీద 60 మిల్లీమీటర్ల మోర్టార్ ఉంటుంది, పక్కన రెండు మెషిన్ గన్లు. మామూలు మోర్టార్‌లో గుండును గొట్టం నోట్లోంచి జారవిడుస్తారు, మనిషి బయట నిలబడాలి. ఇందులో వెనక నుంచి నింపవచ్చు, టరెట్ లోపలే కూర్చుని తుపాకిలా నేరుగా గురిపెట్టి కాల్చవచ్చు, పైకెత్తి గోడ అవతల పడేలా కూడా కాల్చవచ్చు. గోడల వెనక, ఇళ్ల వెనక దాక్కుని కాల్చేవాళ్లు ఎదురయ్యే పనికి ఇది సరిగ్గా అతికినట్టుంది.

తర్వాత వచ్చిన రకం మీద ఏకంగా 90 మిల్లీమీటర్ల ఫిరంగి. ఐదున్నర టన్నుల బండి మీద ట్యాంకు ఫిరంగి పెడితే పేలిన దెబ్బకు బండే తిరగబడాలి కదా? అసలు కిటుకు గుండులో ఉంది. ట్యాంకు ఫిరంగి గుండు వేగంతో ఉక్కును చీలుస్తుంది, అందుకు భారీ మందుగుండు, భారీ బ్యారెల్ కావాలి. ఏఎంఎల్ వాడే హీట్ రకం గుండు వేగం మీద ఆధారపడదు. దాని ముక్కులో పేలుడు పదార్థాన్ని గరాటు ఆకారంలో మలిచి లోపల రాగి పొర పెడతారు, పలకకు తగిలి పేలగానే ఆ రాగి సన్నటి ధారలా మారి ఉక్కులోంచి దూసుకుపోతుంది. నెమ్మదిగా వెళ్లి తగిలినా అదే పని చేస్తుంది. కాబట్టి మందుగుండు తగ్గించవచ్చు, బ్యారెల్ తేలిక చెయ్యవచ్చు, చిన్న బండి భరించగలదు. ఈ గుండు 300 మిల్లీమీటర్ల పైచిలుకు ఉక్కును చీల్చగలదు, 1960ల ట్యాంకులు కూడా జాగ్రత్తగా ఉండాల్సిన మాట అది. ప్రతికూలత ఏమిటంటే గుండు నెమ్మదిది కాబట్టి దూరం పెరిగేకొద్దీ గురి కుదరదు, బండి పలక పల్చన కాబట్టి ముందు తనే కాల్చాలి.

ఆ ఫిరంగి విలువ తేలింది 1980 ఏప్రిల్‌లో, దక్షిణ లెబనాన్‌లో. 1978 నుంచి అక్కడ ఐక్యరాజ్యసమితి దళంలో ఐరిష్ బెటాలియన్ ఉంది. ఇజ్రాయెల్ మద్దతున్న మేజర్ సాద్ హద్దాద్ మిలీషియా అత్ తిరి అనే ఊరును ఆక్రమించబోయింది. ఆ ఊరు ఎత్తు మీద ఉంటుంది, అక్కడ కూర్చుంటే చుట్టుపక్కల ఐరిష్ పోస్టులు కనుచూపులోకి వస్తాయి. 6 నుంచి 12వ తేదీ దాకా పోరు నడిచింది. భారీ మెషిన్ గన్ బిగించిన మిలీషియా హాఫ్ ట్రాక్ (ముందు చక్రాలు, వెనక ఇనుప పట్టాలు ఉండే బండి) ఒకటి ఊళ్లోకి కాలుస్తుంటే ఐరిష్ ఏఎంఎల్ 90 దాన్ని కొట్టింది, మిలీషియా ఊరు వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఒక ఐరిష్, ఒక ఫిజీ సైనికుడు చనిపోయారు. శాంతిసేనకు 90 మిల్లీమీటర్ల ఫిరంగి దేనికి అని అడిగేవాళ్లకు నేను చూపించేది ఈ ఊరినే. కాల్చిన గుళ్లు కొన్నే, ఎక్కువసార్లు ఆ బ్యారెల్ అక్కడ కనబడటమే పని చేసింది. జాడోవిల్ దారిలో వంతెన దగ్గర లేనిది అత్ తిరిలో ఉంది, ఫలితం కళ్ల ముందుంది. భారత బెటాలియన్ 1998లో ఇదే దళంలో చేరింది, కొన్నేళ్లు ఐరిష్ వాళ్లూ మనవాళ్లూ ఒకే గీత మీద కాపలా కాశారు.

పాత బండ్లను మాత్రం పారెయ్యలేదు. లాండ్స్‌వెర్క్‌లకు ఫోర్డ్ వీ 8 ఇంజిన్లు వేసి, మాడ్సెన్ స్థానంలో వాంపైర్ జెట్ విమానాల్లో ఉండే రకం 20 మిల్లీమీటర్ల హిస్పానో బిగించి, 1980ల దాకా రిజర్వు దళాల చేతిలో ఉంచారు. 1930ల స్వీడన్ కారు అర్ధ శతాబ్దం సేవ చేసిందంటే అందులో మెకానిక్కుల నైపుణ్యమూ ఉంది, ఖజానా పరిస్థితీ ఉంది. ఏఎంఎల్ 60లలో కొన్నిటికి తర్వాత మోర్టార్ తీసి 20 మిల్లీమీటర్ల ఫిరంగి పెట్టారు.

1970ల్లో ఐర్లాండ్ సొంతంగా కూడా ఒక ప్రయత్నం చేసింది. డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీ ప్రొఫెసర్ షేమస్ టిమోనీ కుటుంబ సంస్థ ఒక మంచి సైనిక వాహనం రూపొందించింది. సొంత సైన్యం కొన్నది పదే పది. బెల్జియం మాత్రం లైసెన్సు తీసుకుని 123 తయారు చేసుకుంది. ఆ సంస్థ సస్పెన్షన్ నైపుణ్యం తర్వాత ఆస్ట్రేలియా బుష్‌మాస్టర్‌లోకి, సింగపూర్ టెర్రెక్స్‌లోకి వెళ్లింది. ఇంట్లోవాళ్లు గుర్తించని వస్తువును బయటివాళ్లు కొనుక్కోవడం చూస్తే బాధగానే ఉంటుంది, కానీ పది బండ్ల మార్కెట్‌తో ఏ ఫ్యాక్టరీ బతకదు.

నాలుగో తుపాకికి దారి పడింది 1990ల చివర్లో. బోస్నియా, సొమాలియాల తర్వాత శాంతిసేన పని మళ్లీ మారింది, గస్తీ దూరాలు పెరిగాయి, రోడ్డు కింద మందుపాతర ప్రధాన భయం అయింది, సైనికులను క్షేమంగా మొయ్యడమే మొదటి పని. ఐర్లాండ్ స్విట్జర్లాండ్ మోవాగ్ సంస్థ నుంచి ఎనిమిది చక్రాల పిరానా 3 కొంది, మొదటి ఆర్డరు 40, తర్వాత పెరిగి మొత్తం 80 అయ్యాయి. చాలా వాటి మీద ఉన్నది 12.7 మిల్లీమీటర్ల భారీ మెషిన్ గన్. 90 మిల్లీమీటర్ల నుంచి ఇంత చిన్నదానికి దిగారేమిటి అనిపించవచ్చు. అది కేవలం దిగడం కాదు, లోపల పదిమంది ఉన్న బండి ఫిరంగి యుద్ధానికి దిగకూడదు. ఫిరంగి అవసరం కోసం కొన్ని పిరానాలకు ఓటో మెలారా టరెట్‌తో 30 మిల్లీమీటర్ల ఆటోమేటిక్ ఫిరంగి బిగించారు. ఒక్కో గుండు బలం 90 కంటే చాలా తక్కువ, కానీ వరసగా పేలుతుంది, దూరంలో గురి కుదురుతుంది, ఇవాళ ఎదురయ్యే జీపులు, పికప్‌లు, తేలిక కవచ వాహనాలకు అది ఎక్కువే. వీటితో పాటు గస్తీ కోసం దక్షిణాఫ్రికాలో తయారైన ఆర్జీ 32 ఎం బండ్లు 27 వచ్చాయి.

పిరానాలు ఎరిట్రియా, లైబీరియా, కొసోవో, చాద్, లెబనాన్ అన్నీ తిరిగాయి. 2013 నవంబరులో సిరియా గోలాన్‌లో ఐరిష్ కాన్వాయ్ మీద కాల్పులు జరిగాయి, ఒక పిరానా మందుపాతర ఎక్కింది, లోపలివాళ్లెవరికీ దెబ్బ తగల్లేదు. 2014 ఆగస్టు చివర్లో అక్కడే చుట్టుముట్టిన ఫిలిప్పీన్స్ శాంతిసైనికులను ఒక పోస్టు నుంచి బయటికి తెచ్చే పనికి వెళ్లింది ఇవే. లుఫీరా వంతెన దగ్గర 1961లో చెయ్యలేకపోయిన పని ఇది, చుట్టుముట్టిన మిత్రులను చేరుకుని వెనక్కి తీసుకురావడం.

తర్వాత పిరానాలను స్విట్జర్లాండ్ సంస్థ ద్వారానే ఆధునికీకరించారు, నార్వే రిమోట్ వెపన్ స్టేషన్లు వచ్చాయి. అంటే తుపాకి బండి పైకప్పు మీద, కాల్చే మనిషి లోపల తెర ముందు, కెమెరా రాత్రి పూట వేడిని పట్టి చూపిస్తుంది. తూటాల పెట్టె మార్చాలన్నా, ఇరుక్కున్న తూటా తియ్యాలన్నా మాత్రం చాలా రకాల్లో ఇప్పటికీ ఎవరో ఒకరు మూత తీసి బయటికి రావాలి. ఇప్పుడు ఈ బండ్లకు కూడా ఇరవై ఏళ్లు దాటాయి, వీటి స్థానంలో ఏది కొనాలన్న చర్చ డబ్లిన్‌లో నడుస్తోంది. ఏ దేశం బండి కొంటారన్నదానికంటే దాని టరెట్‌లో ఏం పెడతారు, డ్రోన్లను కూల్చే తుపాకి అందులో ఉంటుందా అన్నదే నేను గమనిస్తున్నాను, ఎందుకంటే లెబనాన్‌లో ఇవాళ గస్తీ తిరిగే కుర్రాడికి ముప్పు పొద చాటు నుంచి కాక నెత్తి మీద నుంచి వస్తోంది.